నెట్టు లేని గదిలో టోకెన్లు

ఈ ఉదయం చిత్తూరు బస్సు కిటికీలోంచి తోతాపురి మామిడి వాసన గుప్పుమంది. గుజ్జు ఫ్యాక్టరీ వైపు ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. చటుక్కున సుగుణక్క గుర్తొచ్చింది. తిరుపతిలో నా మొదటి ఉద్యోగంలో ఆవిడ నా పైఅధికారి. అందరికీ అక్కే. ఆవిడ నా కుర్చీ వెనక నిలబడితే మాత్రం నాకు గుండెదడ.

అలాంటి ఫ్యాక్టరీ ఒకదాని కోసం, కాయ తెచ్చిన రైతులకు వరస టోకెన్లిచ్చే ప్రోగ్రాం రాశాను. టోకెను లేనిదే అక్కడ కాయ దించుకోరు. ఎండలో నిలిచిన బండిలో కాయ మెత్తబడితే కొననే కొనరు. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిందని గర్వంగా చూపించాను. అక్క దాన్ని మూలనున్న పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, నెట్ కేబుల్ పీకేసింది. తెర తెల్లగా నిలిచిపోయింది.

“సూడబ్బా, ఈడ నెట్టు ఉండాది గాబట్టి ఆడింది. ఆడ ఫ్యాక్టరీలో నెట్టు పోతే ఏం జేస్తావు?”

“ఎందుకు పోతాదక్కా?”

“మామిడికాయల కాలంలో గాలివానొస్తే పోక యాడుంటాది?”

నాకు ఒళ్లు మండింది. కానీ ఆవిడ చెప్పింది నిజమే. నేను రాసిన ఫైళ్లు కొన్నే. వాటికి ఆధారమైన లైబ్రరీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడు, నడిచేటప్పుడు నెట్ నుంచే రావాలి. అక్క పక్కన కూర్చుని బిల్డ్ టూల్ పెట్టించింది. ఏ ఫైలుకు ఏం కావాలో అది వెతికి, అన్నిటినీ లాగి ఒకే మూటగా కట్టేస్తుంది. మూట కట్టిన ప్రతిసారీ కేబుల్ పీకి చూడాల్సిందే. ఒకసారి తెలుగు ఫాంటు బయటే ఉండిపోయి, టోకెన్ల మీద రైతుల పేర్లన్నీ ఖాళీ డబ్బాలుగా వచ్చాయి. “ఈ డబ్బాను ఏమని పిలుస్తారబ్బా?” అని నవ్వింది. మళ్లీ కట్టాను.

కొనుగోళ్లు మొదలైన రోజు ఫ్యాక్టరీ గేటు గదిలో నేనే ఉన్నాను. ముందురోజు గాలివానకు నెట్ లైను తెగిపోయింది. బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచాయి. “కాయ మెత్తబడతా ఉండాది, బిన్నా, తొందరగా ఇయ్యప్పా!” అని ఒక రైతు కిటికీ మీద కొట్టాడు. ఆయన పేరు అడిగి కొట్టాను. ప్రింటరు కిర్రుమని టోకెను తోసింది. పేరు శుభ్రంగా తెలుగులో ఉంది. హమ్మయ్య! సిగ్గు లేకుండా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. “టోకెన్లు వస్తా ఉండాయక్కా!” అక్క అప్పుడు అసలు సంగతి చెప్పింది: “బతికిచ్చినావబ్బా. మా నాయన గూడా ఆ వరసలోనే ఉండాడు. ముందే చెప్తే బెదురుతావని చెప్పలేదు.”

అక్క ఆ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఎవరి కోసమో తెలియని పని చేతికొచ్చినప్పుడల్లా, ఆ మనిషి ఎవరికో నాయన అయి ఉంటాడు అనుకుంటాను. ఇక ఒళ్లు దాచుకోబుద్ధి కాదు.