పోటీ లేని యూనిట్

నరసరావుపేటలో బ్యాంకు లోన్లకు ప్రాజెక్టు రిపోర్టులు రాసే దానియేలు టైపు చేస్తుంటే, కీబోర్డు మీద కోడిని నరుకుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చున్న రైతు సొంత కథ ఎత్తుకుంటే బల్ల గుద్ది, "మీ తాత సంగతి ఎవుడిక్కావాల? సరుకేంది, కొనేదెవరు, అది చెప్పు" అని కసురుతాడు. నచ్చని పేజీని అడ్డంగా చించి చెప్పుకాలితో తొక్కుతాడు. ఎవరి రిపోర్టులోనైనా ఒక్క వాక్యం మాత్రం మార్చడు: "చుట్టుపక్కల ఇటువంటి యూనిట్ మరొకటి లేదు." ఆ ఒక్క దెబ్బకే మేనేజరు పడిపోతాడని అతని నమ్మకం.

మొన్న రెంటచింతల రైతొకడు కారం మిల్లు పెడతానంటే, అతనికీ ఆ వాక్యమే రాసిచ్చాడు. వారం తిరక్కుండా, అదే ఊళ్ళో కారం మిల్లు నడిపే చెన్నకేశవరావు కర్ర పట్టుకుని దిగాడు. "నా మిల్లు లేదని రాస్తావంట్రా!" అంటూ మొదటి దెబ్బకు మానిటరు పగలగొట్టి, రెండో దెబ్బ దానియేలు దవడ మీద వేశాడు. దానియేలు కుర్చీతో సహా కూలబడ్డాడు. ఊడిన పన్నును అరచేతిలోకి ఉమ్మి, "నిరుడు మీకు లోను తెచ్చింది గూడా ఆ ముక్కేగా అన్నా! అప్పుడు మీ ఊళ్ళో ఇంకో మిల్లు లేదా ఏంది?" అన్నాడు. చెన్నకేశవరావు కింద పడున్న పేజీ ముక్క తీసి కర్రకంటిన నెత్తురు తుడిచాడు. "ఉండేది. నిరుడు నీ దగ్గరికొచ్చే ముందే దాన్ని తగలబెట్టేశా. నేను అబద్ధం రాయించే మనిషినంట్రా?"