బిడ్డకు ఎవరి సగం వచ్చిందో

మా బిస్సీ పెద్దమ్మ పోయిన నెల కన్నుమూసింది. భివండి పక్కనున్న కాల్హేర్ గోదాములో లారీ దింపుతుంటే కబురు అందింది. నిద్రలోనే గుండె ఆగిందట. "చూసినవా, ఆఖరిదాంక ఆమెకు టీబీ అంటుకోలే" అన్నాడు పక్కవాడు మెచ్చుకోలుగా. నాకు ఒళ్లు మండింది.

బిస్సీ అంటే తెలియని మీకోసం చెబుతాను. భివండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే, గోదాముల్లో మూటలు మోసే ఒంటరి మగవాళ్లకు నెలవారీగా అన్నం పెట్టే ఇల్లు. మాది ఒకే గది, ఒకే కిటికీ. మోకాళ్లు తగిలేలా కూర్చునేవాళ్లం. ఎవరో ఒకరు దగ్గుతూనే ఉండేవారు. పెద్దమ్మ వడ్డిస్తూనే ఆ దగ్గు వినేది. తెల్లారి అతన్ని రెక్క పట్టుకుని సర్కారు దవాఖానాకు తీసుకుపోయేది. బిళ్లలు తన కళ్లముందు మింగితే గాని కంచం పెట్టేది కాదు. పెనిమిటికి టీబీ వస్తే, పోయేదాకా అదే గదిలో ఉండి సేవ చేసింది. ఆమెకు మాత్రం రాలేదు.

దాంతో మావాళ్లకు ధీమా పెరిగింది. ఆమె చేతి అన్నం తింటే ఏ జబ్బూ రాదన్నారు. బిళ్లలు మధ్యలో మానేసిన ఒకణ్ని ఆమె తిట్టిన తిట్టు ఇంకా నా చెవుల్లో ఉంది.

"నాకు రాలేదంటె నీకు రాదా? ఎవని రక్తం వానిదే బిడ్డా."

అతను వినలేదు. వానాకాలంలో ఊరికి పంపాం, మళ్లీ రాలేదు.

ఒకసారి ముంబై నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, రోగుల మధ్య ఉండి కూడా జబ్బు పడని పెద్దమ్మలాంటివాళ్ల రక్తం తీసుకుంది. రక్తంలో కాపలా కాసే కణాలుంటాయని, వాటి మీద క్రిములను పసిగట్టే గ్రాహకాలుంటాయని, వాటి తీరు మనిషికీ మనిషికీ కొంచెం మారుతుందని, అది సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుందని ఓపిగ్గా చెప్పింది. మేం తలలూపాం. పెద్దమ్మ మాత్రం లోపల బియ్యం ఏరుతున్న కూతురి వైపు చూసింది.

"మరి నా బిడ్డకు నాదొచ్చిందా అమ్మా, వాళ్ల నాయనదొచ్చిందా?"

ఇప్పుడే చెప్పలేమని, అసలు కారణం అదో కాదో కూడా ఇంకా వెతుకుతున్నామని డాక్టరమ్మ ఒప్పుకుంది.

ఆ రోజు నుంచి పెద్దమ్మను భయం పట్టుకుంది. కూతుర్ని మా పంక్తి దరిదాపులకు రానివ్వలేదు. ఆ పిల్ల అన్నం వద్దంటే చాలు, జబ్బు మొదలైందేమోనని ఆమె ముఖం పాలిపోయేది. మాకందరికీ అమ్మలా పెట్టిన మనిషి మమ్మల్ని చూసే భయపడేదని నాకు ఆలస్యంగా అర్థమైంది. అయినా ఒక్క పూట కూడా పొయ్యి ఆపలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

దినం అయ్యాక బిస్సీ మళ్లీ తెరిచారు. మొదటిసారి కూతురు వడ్డించింది. నాకు పప్పు పోస్తూ పక్కకు తిరిగి దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకుని మళ్లీ దగ్గింది, ఈసారి చాలాసేపు. పంక్తిలో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏందన్నా, ఎవ్వరు తింటలేరేంది?" అంది.