జానెడు మందం తలుపు

ఊరంతా గొప్పగా చెప్పుకునే ఆ పాటల క్లబ్బులో తాత పని తలుపు తీయడం, వేయడం. మీసాలు మొలిచిన కొత్తలో చేరినవాడు, అవి నెరిసినా తలుపు వదల్లేదు. జానెడు మందం తలుపది. వేశారంటే లోపల ఆకాశం విరిగిపడినా బయటికి వినిపించదు. తీసినప్పుడు చెవిన పడే ముక్కే తాతకి పాట. ఎంతటి మహా గాయకుడొచ్చినా ఆయనకి దక్కింది అంతే. ఇంటికెళ్ళి ఆ ముక్కే ఎత్తుకుని, టక్కున నోరు మూసేవాడు. "ఎంత చక్కటి పాటయ్యా!" అని భార్య మురిసిపోయేది.

తాత ఉద్యోగం మానేసే రోజున క్లబ్బు యజమానురాలు దంపతులిద్దర్నీ ముందు వరసలో కూర్చోబెట్టింది. గాయని పాట అందుకుంది. సాగింది. ఇంకా సాగింది. తాతకి ముచ్చెమటలు పోశాయి.

భార్య మోచేత్తో పొడిచింది. "ఏంటయ్యా, ఆవిడ ఆపదే? ఆవిడకి ఒంట్లో బాగాలేదా?"

"పాపం, ఆపేవాడేడీ? తలుపు దగ్గర ఎవరూ లేరు కదే!"

తాత భార్యని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, తలుపు దభాలున వేశాడు.

"హమ్మయ్య! ఎంత బాగా ముగించింది!" అంటూ మూసిన తలుపు ముందు ఇద్దరూ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టారు.