లెక్కల మాస్టారు ఏరిన మిరపకాయలు

మా లెక్కల మాస్టారు పోయారని నిన్న పొద్దున కళ్లంలో తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందని పక్క చేను రైతు గట్టు మీద నుంచే కేకేసి చెప్పాడు. నేను మిరపకాయలు ఏరుతున్నాను. అప్పుడు కూడా ముందు వచ్చింది విసుగే. మొన్న ఆయన ఏరిన కుప్ప పక్కనే ఉంది. దాన్ని మళ్లీ నేనే ఏరాలి.

మీరు ఆయన్ని ఎరగరు కాబట్టి చెబుతున్నాను. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు గానీ, పదో తరగతి దాకా లెక్కల్లో నేనే ఫస్టు. అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఎందుకని అందరూ అడిగారు. తెలిస్తే చెప్పనా? బడి మానేసి నాన్నతో కళ్లానికి వచ్చేశాను. పబ్లిక్ పరీక్షలేమో దగ్గర పడుతున్నాయి.

మాస్టారు తిట్టలేదు. తిడితే ఒకరోజుతో అయిపోయేది. రోజూ బడికి ముందు సైకిలు మీద కళ్లానికి వచ్చి, పంచె ఎగగట్టి నా ఎదురుగా కూర్చునేవారు. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయల్ని వేరు చేయాలి. చిన్నపిల్లలు కూడా చేసే పని. ఆయనకు రాదు.

"మాస్టారూ, అది తాలండీ."

"కొంచెం ఎర్రగానే ఉందిగదరా."

"కొంచెం ఎర్రగా ఉంటే తాలేనండీ."

"మరి ముందే చెప్పొద్దూ? నీకసలు చెప్పడం రాదురా."

ఆ చేతులతోనే కళ్లు నలుపుకునేవారు. నీళ్లకు నేనే పరుగెత్తాలి. "మీకు దణ్ణం పెడతా మాస్టారూ, ఊరికే కూర్చోండి," అనేవాడు నాన్న. వింటేగా.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఈ పనంటే మీకిష్టమాండీ?"

"ఏం ఇష్టంరా, నడుం పడిపోతోంది. ఇష్టం లేకపోయినా కూర్చున్నానా లేదా? నువ్వూ అట్టాగే వచ్చి బెంచీ మీద కూర్చో. చదవమని నేనన్నానా?"

నేను తల ఎత్తకుండా కాయలు ఏరుతూనే ఉన్నాను.

"సరే, ఈ పని నాకు పట్టుబడేదాకా వస్తా. పట్టుబడ్డాక ఇక రాను. నువ్వే రావాలి."

ఆయనకు ఎప్పటికీ పట్టుబడదని నా ధైర్యం. ఊకొట్టాను.

ఇవాళ పొద్దున ఆ కుప్ప ముందేసుకుని కూర్చున్నాను. గుప్పెడు తీశాను. అన్నీ ఎర్రవే. ఇంకో గుప్పెడు తీస్తే అవీ ఎర్రవే. అడుగుదాకా వెతికితే ఒక్క తాలు కాయ దొరికింది. పట్టుకెళ్లి నాన్నకు చూపించాను.

"చూడు నాన్నా, ఇంకా పట్టుబడలా."

నాన్న కుప్ప వంక చూశాడు. "ఒక్కటా? నీ కుప్పలో అంతకన్నా ఎక్కువే ఉంటాయిరా," అన్నాడు.

మాస్టారుంటే ఆ ఒక్క కాయ మీద పొద్దెక్కేదాకా వాదించేవాణ్ణి. ఇప్పుడెవరితో వాదించను? కాయ చొక్కా జేబులో వేసుకుని బడికి పోయాను.

చదవబుద్ధి మాత్రం ఇంకా పుట్టలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. లెక్కల పీరియడ్‌కి ఎవరూ రాలేదు. మొన్న ఆయన సగంలో ఆపిన లెక్క బోర్డు మీద అట్లాగే ఉంది. అందరూ చూస్తుంటే సిగ్గేసింది. అయినా లేచి సుద్దముక్క తీసుకున్నాను. చెయ్యి ఎత్తినప్పుడల్లా జేబులో ఎండు గింజలు గలగలమంటున్నాయి.