మందులకొట్టు బాబు మీద నేను వేసిన నింద

మా మందులకొట్టు బాబు మొన్న శుక్రవారం పోయారు. నా పేరు ఎర్రమ్మ, వయసు డెబ్బై దాటింది. కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్లతో సముద్రం ఒడ్డున ఉంటాను. నరసన్నపేట సంతలో చేపలు అమ్ముతాను. అక్షరం రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది కోడలు. చదివేవాళ్లు ఓపిక పట్టండి, నాకైతే అది అయిపోయింది.

నాకు నెలకోసారి నోరు పూసేది. పుండ్లు లేస్తే కారం తినలేను, కేక వెయ్యలేను. కేక లేకపోతే చేపల బుట్ట కదలదు. బాబు దగ్గరికి పోతే ముందే షరతు పెట్టారు.

"ఎర్రమ్మప్పా, అడ్డపొగ మానీ. పూసిన పెతిసారీ ఒక మందే రాయి. రెండు కలిపి రాసేత్తే ఏది పన్జేసిందో నీకూ తెల్దు, నాకూ తెల్దు."

"మానేసాను బాబూ, ఒట్టు."

నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడమే అడ్డపొగ. ఒడ్డు గాలికి నిప్పు ఆరదని మా ఆడవాళ్ల అలవాటు. నేను మానలేదు. ఆరేసిన వలల వెనక కూర్చుని కాల్చాను.

పుండు లేచిన రోజు నుంచి పులుసు మంట లేకుండా దిగే రోజు దాకా, లెక్క కోసం వలదారానికి రోజుకో ముడి వేసి బాబుకి ఇచ్చేదాన్ని. తేనెకొక దారం, మొద్దుబార్చే జెల్లుకొకటి, దూదితో తడి ఒత్తి అంటించే ముద్దమందుకొకటి. తేనె హాయిగా ఉండేది, నిలిచేది కాదు. జెల్లు రాస్తే కాసేపు కేక వెయ్యగలిగేదాన్ని, పుండు మాత్రం తన రోజులు తను తీసుకునేది. ముద్దమందుకే ముడులు తగ్గాయి. బాబు దారాలు వేలితో తడిమి, "నీ ముడి నిజమే సెప్తాదప్పా" అనేవారు. నేను తల వంచుకునేదాన్ని.

తర్వాత అంగిట్లో ఒక పుండు లేచింది. మూడు వారాలైనా మానలేదు. ముద్దమందు అడిగితే ఇవ్వలేదు.

"ఇది పూత కాదప్పా. ఇయ్యాలే పెద్దాసుపత్రికి ఎల్లు."

"నీ మందులు రాసీ రాసీ నా నోరు పుచ్చిపోనాది. ఇప్పుడు ఆసుపత్రంటావేటి?"

"తిట్టు. తిట్టుకుంటానే బస్సెక్కు."

ఎక్కాను. ఎక్కేలోపు ఆ మాటే సంతంతా అరిచి చెప్పాను. మా వాడ ఆడవాళ్లు ఆ కొట్టు మెట్లెక్కడం మానేశారు.

ఆసుపత్రిలో ముక్క తీసి చూశారు. ఇంకా రాచపుండు కాలేదు, పొగ మానకపోతే అవుతుందన్నారు. ఈసారి నిజంగానే మానాను. పుండు మానింది. బాబుకి చెప్పాలని రెండుసార్లు కొట్టు దాకా పోయి వెనక్కి వచ్చేశాను. నింద వెయ్యడానికి లేచిన గొంతు తప్పు ఒప్పుకోవడానికి లేవలేదు.

ఇప్పుడు ఆయన కూతురు ఆ కొట్టు నడపబోతోంది. "ఆ మందులా?" అని మావాళ్లు ఇంకా మూతి తిప్పుతున్నారు. అందుకే చెబుతున్నాను. నా నోరు పాడుచేసింది నా చుట్ట. అది మామూలు పుండు కాదని పట్టుకున్నది ఆయన. నా దారాలను చూసి ఎవరూ మందు కొనకండి, ఆ పిల్లని అడగండి. నిజం చెప్పి అడగండి.

ఆ శుక్రవారం ఆయన ఆఖరిచూపుకి పోయాను. ఆయన భార్య జరిగి చోటిచ్చింది.

"ఏటో సెప్పాలనొచ్చినావు. సెప్పప్పా, ఇంటారు" అంది.

వంగి చూశాను. గడ్డం కింద నుంచి నడినెత్తికి తెల్లగుడ్డ కట్టి ఉంది. అది ఆయన రెండు చెవులనూ కప్పేసింది.

ఎర్రమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: రాసిన కోడలు నూకాలు, సంతలో నా పక్కన కూర్చునే దాలమ్మ.