మా ఇంట్లో నల్ల కిటికీ

ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టినోణ్ణి. మదనపల్లె టమాటా మండీలో బాక్సులు ఎత్తే పని, పుంగనూరులో ఇల్లు. ఇంట్లో మూడు ఫోన్లు. అమ్మది, నాది, నా భార్యది. కొన్నప్పుడు అంగడాయన, "మూడింటికీ ఒకటే మెయిల్ పెట్టేదాప్పా?" అంటే, "ఒక కొంపకి ఒక పొయ్యి చాలదా, పెట్టెయ్!" అన్నాను. మా పక్క చానా ఇళ్లలో అంతే.

ఒక సాయంత్రం అమ్మ వరండాలో భక్తి పాటలు పెట్టుకుంటే, మధ్యలో తెల్లమచ్చల మందు ప్రకటన వచ్చింది. దాని వెనకాల ఇంకోటి.

"రేయ్, ఎవురికిరా మచ్చలు? నా ఫోన్‌కి యాల వస్తాండాయి?"

"మన ఆవుకేమోలే మా. నువ్వు నిద్రపోయినప్పుడు ఫోన్ సూసినట్లుండాది!"

అమ్మ పడీపడీ నవ్వింది. సంగటి కెలుకుతున్న నా భార్య నవ్వలేదు. మోచేతి మీదికి కొంగు లాక్కుంది. మెయిల్ ఒకటే కాబట్టి, ఆమె తన ఫోన్‌లో వెతికింది అమ్మ ఫోన్‌లో తేలిందని అప్పుడు అర్థమైంది. మచ్చ సంగతి అమ్మకు తెలిస్తే వీధికంతా తెలిసినట్లే.

ఎవర్ని అడిగినా గుట్టు బయటపడుతుంది. అందుకని ఫోన్‌లో ఉండే ఏఐనే అడిగాను. అది ఓపిగ్గా చెప్పింది. ముందు నా భార్య ఫోన్‌కి వేరే మెయిల్ పెట్టాను. తర్వాత చూపించాను.

"ఈడ నొక్కు. ఇన్‌కాగ్నిటో అంట, నల్ల కిటికీ తెరుసుకుంటాది. మూసేస్తే, ఏం సూసినావో ఫోన్‌లో మిగల్దు."

"ఎవురికీ తెలీదా?"

"నెట్ కంపెనీకి తెలుస్తాది, ఆ వెబ్‌సైటోళ్లకి తెలుస్తాది. వాళ్లు మన వరండాలో కూసోరు గదా."

"నీకు?"

"నాకూ తెలీదు."

"మరి నీ నోరు మూసేదానికి యాడ నొక్కాల?"

"దానికి బటన్ ఇంకా రాలేదు."

మా ఇంట్లో ఏ గదికీ గడియ లేదు. స్నానాల గదికి కూడా పాత చీరే తలుపు. అలాంటి ఇంట్లో, అమ్మ పక్కనే కూర్చుని, అరచేతిలో నల్ల కిటికీ తెరుచుకుని ఆమె ఒక్కతే ఎక్కడికో వెళ్లొచ్చేది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె ఒంటరిగా ఉండగా చూడటం నాకు అదే మొదలు. గుడిలో గర్భగుడి ముందు నిలబడినట్టు అనిపించేది. తొంగి చూడబుద్ధి కాలేదు, నాకు!

కొన్నాళ్లకు తనే రవిక చేయి పైకి మడిచి చూపించింది. చింతగింజంత తెలుపు.

"ఇది అంటుకునేది కాదంట. కుప్పంలో సర్మం డాక్టర్ ఉండాడంట. పోదామా?"

తల ఊపాను.

పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే అమ్మ అడ్డం వచ్చింది. "ఇద్దరూ యాడికిరా?"

నా భార్య నా వైపు చూసింది. నేను నోరు మూసుకున్నాను. బటన్ లేకుండానే.