బొట్టు పెట్టిన చిల్లు

మా ఇంటాయన పడవ కొన్నాడు. వల వేసుకునే నాటు పడవ కాదు. ఇరవై ఆరు అడుగులది, వెనక రెండు పెద్ద ఇంజన్లు, లోపల మెత్తటి సీట్లు. మూతపడిన ఏదో రిసార్టు వాళ్ళు అమ్ముతుంటే, అంబత్తూరులో మా షెడ్డు వెనక ఖాళీ జాగాకి తెచ్చి దిమ్మెల మీద ఎక్కించినాడు. ముప్పై ఏండ్లు ఊళ్ళోవాళ్ళ ఇంజన్లు రిపేరు చేసిన మనిషి, ఇంక మన పడవలోనే జనాన్ని చేపలవేటకి తీసుకుపోతానన్నాడు. సముద్రం ఈడికి గంటన్నర దూరం. పడవని ఎక్కించేదానికి ట్రైలరూ లేదు, ఆ ట్రైలర్ని లాగే బండీ లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పడవకి పేరు మాత్రం ఆ రోజే పెట్టేసినాడు.

ఆ వారంలోనే ఒకరోజు పడవ చుట్టూ తిరిగి చూస్తే, వెనకపక్క అడుగున రూపాయి బిళ్ళంత చిల్లు కనబడింది. ఈ అమాయకుడికి చిల్లు పడవ అంటగట్టినారే, తెలిస్తే నలుగురూ నవ్వరా అనుకున్నాను. ఆయన బయటికి పోయినప్పుడు, పైపు లీకులకి పెట్టే ముద్ద పిసికి దాంట్లో బొటనవేలితో గట్టిగా కూరినాను. శుక్రవారం కదా, చెయ్యి ఊరుకోలేదు. ముద్ద పచ్చిగా ఉండగానే పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టినాను. ఎవరికీ చెప్పలేదు. మొగుడి పరువు కాపాడినానని నాలో నేనే మురిసిపోయినా.

తర్వాత కార్తీకం వానలు పట్టుకున్నాయి. పడవ మీద కప్పిన టార్పాలిన్ గాలికి చిరిగింది. వానలు తగ్గినాక ఆయన బండి వెతికే పనిలో పడి, మొదట నా పికప్ మీద కన్నేసినాడు.

ఆ పికప్ నాది. ఇడ్లీ పిండి అమ్మి సంపాదించి కొన్నాను. నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి. పిండి పోసేదానికి ఇంత బండా అని చుట్టాలంతా ఎకసెక్కాలాడినారు. యాభై దాటినాక దాని మీదే డ్రైవింగ్ నేర్చుకున్నా. అంబత్తూరు నుంచి వాషర్‌మెన్‌పేట దాకా రోజూ పిండి అందులోనే పోతుంది. దాని జోలికి వస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఏమే, మూడున్నర టన్నులు లాగుతుందని బండి పుస్తకంలోనే ఉండాది. పడవ కాగితంలో రెండున్నర టన్నులు అని ఉండాది. ఇంకేం కావాల?" అన్నాడాయన.

"కాగితాన్ని నమ్మేదెట్ల? ముందు కాటా వేయించండి" అన్నాను. తూకానికి సరిపోదని తేలితే నా బండి వదిలేస్తాడని ఆశ.

క్రేను పిలిచి, పడవని లారీకి ఎక్కించి, కాటాకి తీసుకుపోయినాము. లారీ బరువు తీసేస్తే పడవ ఐదు టన్నులు తూగింది. ఆయన మొహం మాడిపోయింది. పాత ఫైబరు కదా, వానకి ఊరి ఉంటుందిలే అన్నాడు క్రేను డ్రైవరు. రాత్రి నానబోసిన మినప్పప్పు తెల్లారికి రెండింతలయ్యేది రోజూ చూసేదాన్ని, నేనూ అవునవునని తలూపినాను.

నా ఆశ నా మెడకే చుట్టుకుంది. ఐదు టన్నులంటే లారీ కావాల, మూడు ఇరుసుల ట్రైలర్ కావాల. ఆయన రెండు వారాలు తిరిగి ఒక సెకండ్‌హ్యాండ్ లారీ ఖాయం చేసినాడు. నా పికప్‌ని ఎక్స్చేంజ్‌లో ఇస్తేనే అది వస్తుందంట. ఎంత అరిచినా వినలేదు. బ్రోకరు శుక్రవారం వచ్చి బండి తీసుకుపోతానన్నాడు.

"శుక్రవారం ఇంట్లో నుంచి లక్ష్మిని పంపేది లేదు. శనివారం రమ్మనండి" అన్నాను. ఇంతకంటే నా చేతిలో ఏముంది? ఏడుపొచ్చింది. బండి సీటు తుడుస్తూ కాసేపు ఏడ్చినాను కూడా.

ఆ శుక్రవారమే కార్పొరేషన్ నుంచి దోమల చెకింగుకి ఒకామె వచ్చింది. మా పేటలోనే పుట్టి పెరిగిన తెలుగామె, చేతిలో టార్చి, నీళ్ళు తోడి చూసే గరిటె. సంపు చూసింది, పూలకుండీలు చూసింది, కొబ్బరి చిప్పలు బోర్లించింది. పడవని చూసి నిచ్చెన వేయించుకుని ఎక్కింది. లోపల నేల మీద ఉన్న మూత ఎత్తి టార్చి వేసింది.

"అక్కా, పడవ నీళ్ళలో ఉండాల కానీ, నీళ్ళు పడవలో ఉంటే ఎట్ల? దోమపిల్లలు పెండ్లి భోజనానికి వచ్చినట్టు ఉండాయి."

ఆయన పరుగెత్తి వచ్చినాడు. "నీళ్ళెట్ల నిలుస్తాయి? వాన నీళ్ళు పోయేదానికే కదా అడుగున చిల్లు పెట్టి ఉంటారు. బిరడా కూడా నేనే తీసి దాచినానే" అంటూ పడవ కిందకి దూరినాడు. చాలాసేపు బయటికి రాలేదు. ఆమె కూడా వంగి టార్చి వేసింది.

"పూజ కూడా చేసినారే" అంది.

పసుపు, కుంకుమ, మధ్యలో నా బొటనవేలి ముద్ర. ఇంక దొంగని వెతికేదేముంది? కాళ్ళ కింద భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన స్క్రూడ్రైవరుతో ముద్దని పొడిచినాడు. మధ్యాహ్నం మొదలైన ధార సాయంకాలం కాఫీ తాగేదాకా ఆగలేదు. వీధి చివరి టీకొట్టు దాకా పారింది.

మళ్ళీ కాటా వేస్తే రెండున్నర. ట్రైలర్ బరువు, పెట్రోలు, అన్నీ కలిపినా మూడున్నర లోపే. శనివారం బ్రోకరు వచ్చినాడు. "బండి ఇచ్చేది లేదప్పా" అని ఆయనే పంపించేసినాడు. నన్ను తిట్టి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదు. రెండు ఇరుసులు, సొంత బ్రేకులు ఉన్న ట్రైలర్ చేయించినాడు. లాగేది నా పికప్, తోలేది నేను.

మొదటిసారి సముద్రం ఒడ్డున ట్రైలర్ని వెనక్కి నడిపి నీళ్ళ అంచున ఆపినాను. పడవ దించేముందు ఆయన జేబులోంచి ఇత్తడి బిరడా తీసి నా చేతిలో పెట్టినాడు.

"ఈ చిల్లు నువ్వే మూయాల. నీ అంత గట్టిగా ఇంకెవరూ మూయలేరు."

నేను వంగి బిరడా బిగించి లేచేసరికి, ఇంకో జేబులోంచి కుంకుమ పొట్లం తీసి పట్టుకొని నిలబడినాడు.